ఇరవై ఒకటో అక్షరం

ఈ రోజు ఫ్రీమాంట్‌లో ఒక ఆస్పత్రివాళ్లకి, నేను సి భాషలో రాసిన పేషెంట్ రికార్డుల ప్రోగ్రామ్ చూపించాను. టెర్మినల్ ముందు మా మేనేజరు, ఆయన పక్కన మన తెలుగు డాక్టరుగారు కూర్చున్నారు. డాక్టరుగారి రికార్డే తెరిచాను. వి.ఎస్. మూర్తి, బ్లడ్ గ్రూప్ 'ఓ'.

"పేరు ఫుల్‌గా టైప్ చెయ్యమ్మా," అన్నారు.

ఇంగ్లీషులో వెంకట సత్యనారాయణ మూర్తి అని కొట్టాను. పేరు చక్కగానే వచ్చింది. బ్లడ్ గ్రూప్ మాత్రం 'ఏ' అయిపోయింది.

"నాది 'ఓ' కదమ్మా! ఇది చూసి రక్తం ఎక్కించేస్తే?"

వెంటనే కోడ్ తెరిచి చూశాను. స్ట్రక్ట్‌లో, అంటే ఒక పేషెంట్ వివరాలన్నీ వరసగా దాచే చోట, పేరుకి ఇరవై అక్షరాలకే జాగా ఇచ్చాను. దాన్ని ఆనుకునే బ్లడ్ గ్రూప్ ఉంది. సత్యనారాయణలోని ఆఖరి 'ఏ', ఖాళీతో కలిపి ఇరవై ఒకటో అక్షరం, హద్దు దాటి 'ఓ' మీద కూర్చుంది. సి అడ్డు చెప్పలేదు, ప్రోగ్రామ్ ఆగనూ లేదు.

ఇన్నాళ్లూ జాన్, మేరీ పేర్లతోనే టెస్ట్ చేశాను. నా పేరు కొట్టినప్పుడు కూడా ఆఫీసులో పిలిచే 'లక్స్' అనే కొట్టాను. పూర్తిగా వెంకట లక్ష్మీ నరసమ్మ అని కొట్టి ఉంటే ఆ రోజే బయటపడేది.

మీ పూర్తి పేరు ఇంగ్లీషులో, ఖాళీలతో సహా లెక్కపెట్టి ఇరవై ఒకటో అక్షరం చెప్పండి. మీకు ఏ రక్తం ఎక్కించేదాన్నో చూద్దాం.