భుజానికి ఎర్ర సిగ్నల్

చావకముందే చచ్చిపోయి, తన సొత్తు తానే పంచిపెట్టి, అరకు చలిలో కప్పుకోవడానికి గుడ్డ లేక వణికిన పెద్దమనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, చూడండి. నవ్వు వస్తే మొహమాటపడకండి. నాకే ఇంకా పూర్తిగా నవ్వు రావడం లేదు.

టైడాలో రైల్వే సిగ్నళ్ల పని చేసి, రిటైరయ్యాక అరకులో స్థిరపడ్డాను. మా పనికి ఒకటే సూత్రం: అనుమానం వస్తే ఎర్ర సిగ్నల్ వేసి లైను మూసెయ్యాలి. ఉద్యోగం వదిలినా ఆ సూత్రం నన్ను వదల్లేదు. డైరీలో కూడా అనుమానమున్న సంగతులు ఎర్రసిరాతోనే రాస్తాను.

ఈ భుజం గొడవకు ముందు ఏడాది విశాఖలో నాకు ప్రోస్టేట్ కేన్సర్ ఆపరేషన్ జరిగింది. తర్వాత రక్తపరీక్షలన్నీ బాగానే వచ్చాయి. కానీ ఆస్పత్రిలో నా పక్క మంచం మీదున్న, డుంబ్రిగుడ సంతలో ఉల్లిపాయలు అమ్మే అప్పలస్వామికి జబ్బు ఎముకల్లోకి పాకింది. "నడుం నొప్పే కదా అనుకున్నాను గురూ" అన్నాడు, నేను ఆఖరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు. ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చి కూర్చుంది.

చలికాలం మొదట్లో నా ఎడమ భుజం కలుక్కుమంది. ఇంకేముంది, ఎర్ర సిగ్నల్!

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. అప్పలస్వామికి చెప్పిందే నాకూ చెబుతాడని భయం. జబ్బు మిగతా ఒంట్లోకి ప్రయాణం కట్టకుండా, తువ్వాలుతో చెయ్యిని మెడకు కట్టేసి లైను మూసేశాను.

"ఏటండీ ఆ కట్టు?" అంది మా ఆవిడ సన్యాసమ్మ.

"పడక తేడా చేసింది."

వారాలు గడిచేకొద్దీ చెయ్యి పైకి లేవడం మానేసింది. చూశారా, పాకుతోంది!

ఇక పంపకాలు మొదలుపెట్టాను. రేడియో, గొడుగు పోయాక, నా మందపాటి కంబళిని మాకు రాగులు తెచ్చే కొండ రైతు సోమన్న చేతిలో పెట్టాను.

"సలి ముదురుతుంటే కంబళి నాకిచ్చెత్తన్నావేటి బాబూ? నువ్వేటి కప్పుకుంతావు?"

"నాకిక అక్కర్లేదు సోమన్నా."

"ఎవలు సెప్పినారు?"

"భుజం చెప్పింది."

మర్నాడే మా ఆవిడ నా ముందుకొచ్చి నిలబడింది. "సోమన్న సంతలో ఏడుత్తన్నాడు. మీరు పోతన్నారంట? నాకు సెప్పకుండా ఎక్కడికండీ పోవడం?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని, నన్ను సామానులా విశాఖ రైలెక్కించింది. సొరంగం వచ్చినప్పుడల్లా నేను కళ్ళు మూసుకుని పోవడం సాధన చేశాను. "బాగా నేర్సుకోండి" అంది ఆవిడ, అటు తిరిగి.

ఎక్స్‌రే తీశారు, స్కాన్ తీశారు, రక్తం తీశారు. డాక్టరు అన్నీ చూసి, నా చెయ్యి ఎత్తబోయాడు. నేను కేక పెట్టాను.

"కేన్సర్ జాడ ఎక్కడా లేదండీ. భుజం బిగుసుకుపోయింది, అంతే. ఇన్నాళ్ళూ కదిపారా?"

"కదపడమా! గట్టిగా కట్టేశాను."

"మొదట ఏదో చిన్న బెణుకు అయ్యుంటుంది. దాన్ని ఇంత చేసింది మీ కట్టే. రోజూ వేళ్ళతో గోడ ఎక్కండి, చెయ్యి మెల్లగా పైకి లేస్తుంది."

ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చాను. వచ్చాక చలి గుర్తొచ్చింది. సిగ్గు విడిచి సోమన్న గుమ్మం ముందు నిలబడ్డాను.

"కంబళి లేదు బాబూ" అన్నాడు తల దించుకుని. "సలికి మాయమ్మ మంచాన పడితే దానికి కప్పినాను. మొన్న ఎలిపోనాది. ఆ కంబళి వదల్నేదు. దాంతోనే మట్టి సేసినాం."

ఓదార్చాల్సింది నేను. అతనే నా భుజం మీద చెయ్యి వేశాడు, సరిగ్గా నొప్పి ఉన్న చోట. "నువ్వెలతానని కంబళి ఇచ్చినావు. నీకన్నా బేగి ముసిల్ది ఎలిపోనాది. ఎచ్చగా ఎల్లింది బాబూ."

ఆ చలికాలమంతా మా ఆవిడ దుప్పట్లో సగం నాది. రోజూ పొద్దున్నే గోడ మీద నా వేళ్ళు ముసలి బల్లిలా పాకుతుంటే, గోడనే సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట చచ్చేదాకా చావను. ఒకవేళ చావాలనిపించినా, ముందుగా మా ఆవిడకు చెబుతాను.