డాబా మీద ఆరేసిన పోర్చుగల్ చేప

నేను విమానం ఎక్కింది కువైట్‌కి. తిన్నది మాత్రం పోర్చుగల్.

ఎనభైల మొదట్లో, సాల్మియాలో మా అద్దె ఫ్లాటుకి ఎదురుగా ఒక పోర్చుగీసావిడ ఉండేది. భర్త ఓడరేవులో ఇంజనీరు. మావారు పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం. ఇఖామా, అదే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు, చేతికొచ్చి మూడు నెలలైనా, పగలంతా నాతో మాట్లాడే మనిషంటూ ఉంటే ఆవిడొక్కతే. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం, నాది పదో తరగతి ఇంగ్లీషు. చేతులు తిప్పుకుంటూ గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

ఆవిడకి ఎవరికో ఒకరికి పెట్టకపోతే తోచదు, నాకు తినకపోతే తోచదు. పొరలు పొరలుగా విరిగే చిన్న పిండి గిన్నెల్లో గుడ్ల సొన, పాలు, పంచదార కలిపి పోసి, పైన నల్లమచ్చలు పడేదాకా కాల్చేది. మొదటిది చూసి పాపం మాడబెట్టుకుందని జాలిపడ్డాను. నాలుగోది తింటూ ఆ మాడులోనే రుచంతా ఉందని ఒప్పుకున్నాను. పరమాన్నం వండి దాని మీద దాల్చినచెక్క పొడితో ముగ్గు పెట్టేది. ముగ్గు చెరపడానికి నాకు చేతులు రాలేదు. నోరు మాత్రం ఆగలేదు.

ఒకరోజు వాళ్ళమ్మ లిస్బన్ నుంచి పంపిన ఉప్పుచేపని తెచ్చి చూపించింది. చెక్కపలకలా ఉంది. వాసన అచ్చం మా కోనసీమ ఎండుచేపదే! ఏడాదికి ఒక్కటే వస్తుందట. శుక్రవారం రాత్రి వాళ్ళ దేశం వాళ్ళు భోజనానికొస్తున్నారు, మమ్మల్నీ రమ్మంది. గురువారం భార్యాభర్తలు ఏదో ఊరెళుతూ, మొక్కలకి నీళ్ళు పొయ్యమని నాకు తాళంచెవి ఇచ్చారు.

వెళ్ళి చూద్దును కదా, వంటింట్లో బేసిను నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో చేప! మా వైపు ఎండుచేపకి తడి తగలకుండా ముసురులో ఎంత జాగ్రత్త పడతామో నాకు తెలుసు. వెంటనే తీసి తువ్వాలుతో అద్ది, రెండు పొట్లాల ఉప్పు పట్టించి, డాబా మీద ఆరేశాను. పిల్లులు రాకుండా గొడుగేసుకుని కాపలా కూర్చున్నాను. కువైట్ ఎండ నాకు మొదటిసారి మంచిదనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ రాగానే చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళి, నీళ్ళలో పడిపోతే నేనే కాపాడానని చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"అది నానడానికి రెండు రోజులు పడుతుంది," అంది మెల్లగా.

ఎన్ని నీళ్ళలో ఉడికించి పారబోసినా ఆ ఉప్పు వదల్లేదు. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ఉడికించిన గుడ్లు, ఆలివ్ నూనె వేసి పళ్ళెం నిండా అందంగా సర్దింది. వచ్చినవాళ్ళు ఒక ముద్ద తినడం, ఒక గ్లాసు నీళ్ళు తాగడం. మావారు మాత్రం కాస్త అన్నం దొరుకుతుందా అని అడిగి, లొట్టలేసుకుంటూ తిన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ ఉప్పు కింద బ్రహ్మాండమైన రుచి ఉంది. కానీ నేను తలెత్తలేదు.

తర్వాత నాలుగు రోజులు ఎదుటి తలుపు తెరుచుకోలేదు. తట్టడానికి నాకు మొహం చెల్లలేదు. ఈ ఎడారిలో ఉన్న ఒక్క మనిషినీ పోగొట్టుకున్నానని ఏడుస్తుంటే మావారు, "చేప కోసం మనుషులు తెగిపోతారేటే, ఊరుకో," అన్నారు.

అయిదో రోజు మనసు మళ్ళించుకుందామని డాబా మీద మినప వడియాలు పెట్టాను. మధ్యాహ్నం చూడ్డానికి వెళితే వడియాల గుడ్డ పక్కనే ఒక గాజుగ్లాసులో నీళ్ళు, అందులో ఒకే ఒక్క వడియం మునిగి ఉంది. ఆరేసిన దుప్పటి వెనకనుంచి ఆవిడ బయటికొచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"పాపం, ఎండిపోతోంది," అంది. "నేనే కాపాడాను."

నాకు ముందు ఏడుపే వచ్చింది. ఆ తర్వాత ఇద్దరం కాలుతున్న డాబా మీదే కూలబడి, గ్లాసులో వడియం పూర్తిగా కరిగిపోయేదాకా నవ్వాం.