ఆఖరి సీను దాకా

మా ఊరి ఆడవాళ్లం ఏ సినిమా పూర్తిగా చూసి ఎరగం. ఆళ్లగడ్డలో మధ్యాహ్నం ఆట ముగిసేలోపే మా ఊరికి చివరి బస్సు కదిలిపోయేది. అందుకని కథ మంచి పట్టులో ఉండగా మగవాళ్ల వైపు నుంచి మా ఆయన దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే పిల్లల్ని చంకనేసుకుని వరస వరసంతా లేచేవాళ్లం. టౌనువాళ్లకు మేము గడియారం లెక్క. "పల్లె బస్సోళ్లు లేచినారు, ఇంక ఫైటింగే" అని వెనక ఎవరో ఒకరు అనేవాళ్లు. ఆ ఫైటింగు మాకు దక్కేది కాదు. బస్సులో కూర్చుని హీరోయిన్‌కు ఎవరికి తోచిన పెళ్లి వాళ్లం చేసేవాళ్లం.

తర్వాత ఇంట్లోకి టీవీ వచ్చింది. కథ ముగిసే వేళకు ఎవరో ఒకరికి ఆకలయ్యేది, నేను లేవాల్సి వచ్చేది. ఇప్పుడు మా ఊరికి ఎప్పుడంటే అప్పుడు ఆటోలున్నాయి. కానీ సినిమాకు పోవాలన్న ఆశే నాలో ఎక్కడో అడుగున పడిపోయింది.

ఈ ఏడు శనగలు ఇల్లు చేరాక ఆ ఆశ మళ్లీ లేచింది. రెండు రోజులు నంద్యాలలో ఉండి వస్తానని చెప్పాను. ఆస్పత్రికా అని అడిగాడు మా ఆయన. కాదన్నాను. పెళ్లికా అన్నాడు. అదీ కాదు, సినిమా చివరిదాకా చూడడానికి అన్నాను. అయితే తోడు ఎవరినైనా తీసుకుపొమ్మన్నాడు. మరిది భార్యను బయలుదేరదీశాను.

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. మర్నాడు అలవాటుగా చీకటితోనే మెలకువ వచ్చింది. ఊడ్చే వాకిలి లేదు, పాలు పిండే గేదె లేదు. మళ్లీ పడుకున్నాను. అట్లా పడుకోవడం ఎంత బాగుంటుందో మరిచే పోయాను.

హోటల్లో గోడ మీద రాసిన టిఫిన్ల పేర్లన్నీ పైనుంచి కిందిదాకా బయటికి చదివాను. యాభై దాటాక పొదుపు సంఘం అమ్మాయి దగ్గర అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు వచ్చినచోట కొంచెం ఆగుతాను. సర్వరు ఓపిగ్గా నిలబడి విన్నాడు. అన్నీ అయ్యాక ఉగ్గాని, బజ్జీ తెమ్మన్నాను.

"దీనికా అంత చదువు? ఇంట్లో తినేదే గదా అక్కా" అంది తోడికోడలు.

"ఇంట్లో నేను చేసేది. ఈడ నాకు చేసి పెడతారు."

బొరుగులు మెత్తగా నాని ఉన్నాయి, మిరపకాయ బజ్జీ నోరు కాలేంత వేడిగా ఉంది. తిన్న ప్లేటు ఎత్తుకుపోయింది కూడా వేరేవాళ్లే. ఆ తర్వాత చేతికి గాజులు వేయించుకున్నాం, నన్నారి షర్బత్ తాగాం. ఆటోలో పోతూ గోడల మీది పోస్టర్లు చదివి, ఏ సినిమా చూడాలో నేనే తేల్చాను. ఆ పని ఎప్పుడూ మా ఆయనదే.

చిన్నప్పుడు విడిపోయిన అక్కాచెల్లెళ్ల కథ అది. అక్క వకీలు. చెల్లెలు చేయని హత్యకు బోనులో నిలబడింది. ఒకరికొకరు ఏమవుతారో ఇద్దరికీ తెలియదు. జడ్జి తీర్పు చెప్పబోతుండగా నా ఒళ్లో ఫోను అదిరింది. మా ఆయన. ఉయ్యాలవాడ నుంచి వాళ్లక్కా బావా వచ్చారట, సాయంత్రం బస్సుకు వచ్చేయమన్నాడు.

తోడికోడలు అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేసింది. "పా అక్కా, ఇంక అయిపోయినట్టే గదా. మిగిలింది దారిలో చెప్పుకుందాం" అంది. నా మోకాళ్లు కూడా నన్నడగకుండానే లేవబోయాయి. ఇన్నేళ్ల అలవాటు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని వెనక్కి ఆనుకున్నాను.

"బియ్యం డబ్బాలో ఉండాయి, ఊరగాయ జాడీలో ఉండాది. వండుకొని తినండి" అన్నాను ఫోనులో, మెల్లగా. "సినిమా అయిపోయినాకే లేస్తా."

 కోప్పడతాడనుకున్నాను.

"సరే" అన్నాడు. "అయిపోయినాక ఎట్లయిందో నాకు చెప్పు."

దగ్గి మమ్మల్ని లేపిన మనిషి కూడా ఆ బస్సులోనే కదా వచ్చింది. ఆయనా ఏ సినిమా చివర చూడలేదని నాకు అప్పుడే తట్టింది. తోడికోడలు నన్ను ఒకసారి చూసి, చెప్పులు విప్పి, కాళ్లు రెండూ పైకి పెట్టుకుని మఠం వేసుకుంది.

చివరిదాకా చూశాం. విలన్ తనంతట తానే కోర్టుకు నడిచొచ్చి నేరం ఒప్పుకున్నాడు. అక్కాచెల్లెళ్లు కావలించుకున్నారు. దీపాలు వెలిగాయి, జనమంతా లేచారు. మేమిద్దరం మాత్రం ఊడ్చే ఆమె చీపురుతో మా వరసలోకి వచ్చేదాకా కూర్చున్నాం.

బయట టీ చేతిలో పెట్టుకుని మా ఆయనకు ఫోన్ చేశాను. ఉయ్యాలవాడ వాళ్లు కూడా వింటున్నట్టున్నారు, వెనక గుసగుసలు వినబడ్డాయి. కథంతా చెప్పి, ముగింపు ఏం బాగలేదన్నాను. ఒక సినిమా ముగింపు బాగలేదని అనగలగడం నా జన్మలో అదే మొదలు. ఆ మాట అంటుంటే టీ ఇంకా తియ్యగా అనిపించింది.

ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు మధ్యలో నిద్రపోయింటావ్. వాడంతట వాడు యాడొస్తాడు? ఎవురో లాక్కొచ్చింటారు."

"కడదాకా చూసినదాన్ని చెప్తాండా" అన్నాను. "రేపు ఇంకోటి చూసి, అదెట్లుందో కూడా చెప్తా. ఇది మాత్రం బాగలేదు."