నాయన ఇవ్వని పలుపు

నా చిన్నప్పుడు నేను ఏడిస్తే పట్టించుకునేవాళ్లు తక్కువ గానీ, ఏదైనా చెప్పడం మొదలుపెడితే మాత్రం ఇంట్లో అందరూ పని ఆపి వినేవాళ్లు. ఉన్నదానికి నాలుగు చేర్చి చెప్పడం నాకు అలవాటు. ఆ అలవాటు ఎంత పని చేసిందో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పుకోలేదు.

మాది నిమ్మనపల్లె దగ్గర ఒక మెట్ట ఊరు. మా నాయనకు సొంత భూమి లేదు. మదనపల్లెలో ఉండే ఒక ఆసామి చేను కోరుకు చేసేవాడు. పండిన దాంట్లో సగం ఆయనకు, సగం మాకు. ఆ చేనూ, ఒక జత ఎద్దులూ, అదే మా బతుకు. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది వానలు లేవు. మేత లేక ఎద్దులకు ఎముకలు తేలాయి. చేసేది లేక మా నాయన వాటిని పుంగనూరు వైపు నుంచి వచ్చిన బేరగానికి అమ్మేశాడు.

మా వైపు గొడ్డును అమ్మినా దాన్ని కట్టిన పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకుని కట్టి తోలుకుపోవాలి. పాత పలుపు ఇంట్లో ఉంటే మళ్లీ గొడ్డు వస్తుందని నమ్మకం. అదీ ఇచ్చేశాడంటే ఆ మనిషి ఇక సేద్యం మీద ఆశ వదులుకున్నట్టే. మా నాయన రెండు పలుపులూ విప్పి, దులిపి, గోడ మేకుకు తగిలించాడు. నేను వాకిట్లో నిలబడి అంతా చూశాను. ఆయన ఏడవలేదు. కాసేపు ఖాళీ కొట్టంలో కూర్చుని, లేచి చేను వైపు వెళ్లాడు.

మా తెలుగు అయ్యవారు కవితలు రాసేవారు. పాఠం అయ్యాక కొత్తగా రాసింది చదివి వినిపించి, ఎలా ఉందని మమ్మల్నే అడిగేవారు. పిల్లలను అభిప్రాయం అడిగే పెద్దమనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఆయనంటే నాకు ప్రాణం. ఒకరోజు నేను దిగులుగా ఉన్నానని పిలిచి అడిగితే ఎద్దుల సంగతి చెప్పాను. వింటూ వింటూ ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మాటకు అంత పెద్దాయన కళ్లు చెమర్చేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. ఇంకా చెప్పాలనిపించింది. మా నాయన ఏడుస్తూ పలుపులు కూడా బేరగాని చేతిలో పెట్టేశాడని చెప్పాను. అలా ఇవ్వడానికి అర్థమేమిటో కూడా నేనే విడమరిచాను.

నెల తిరక్కముందే మదనపల్లెలో కవితలు చదివే సభ జరిగింది. అయ్యవారు మా ఇంటికి వచ్చి మరీ మా నాయననూ నన్నూ పిలిచారు. మా చేను ఆసామి ముందు వరసలో ఉన్నాడు. మేము వెనక కూర్చున్నాం. మొదట చదివినవి నాకు సగం అర్థం కాలేదు. తర్వాత అయ్యవారు లేచి చదవడం మొదలుపెట్టారు. మా ఎద్దులు, మా కొట్టం, మా నాయన నడక ఆయన గొంతులో వినిపిస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. చివరికి కవితలోని రైతు ఏడుస్తూ పలుపు ఇచ్చేశాడు. అక్కడితో కవిత అయిపోయింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఆ తర్వాత గానీ పక్కకు తిరిగి మా నాయనను చూడలేదు. ఆయన తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు.

సభ అయ్యాక అయ్యవారు ఆసామిని వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చారు. ఆసామి మా నాయనను అడిగాడు. "పలుపు గూడా ఇచ్చేసినావంట. నిజమేనాప్పా?"

"ఈ పాపే చెప్పింది నాకు," అని అయ్యవారు మురిసిపోతూ నా తల మీద చెయ్యి వేశారు. మా నాయన నా వైపు చూశాడు.

"ఔ సామీ, ఇచ్చేసినా," అన్నాడు మా నాయన. "పాప యాల అబద్ధం సెప్తాది?"

బస్సులో ఊరికి వస్తుంటే తిడతాడని కాచుకుని కూర్చున్నాను. ఆయన ఒకే మాట అన్నాడు. "సారు బాగా సదివినాడమ్మా. మన గొడ్లు ఆడికొచ్చి నిలబడినట్లే ఉండాది." రెండు దెబ్బలు వేసి ఉంటే నా మనసు తేలికపడేది.

మరుసటి ఏడాది వానలు పడ్డాయి. ఆసామి మా చేనును వేరేవాళ్లకు ఇచ్చేశాడు. ఆశ వదులుకున్న మనిషికి సేద్యం ఎందుకులే అన్నాడట. ఆ పలుపులు తీసుకుపోయి ఆయనకు చూపించమని మా అమ్మ పోరు పెట్టింది. "అయ్యోరి ముందర పాప మాట పోతాది, ఊరుకో," అన్నాడు మా నాయన. తలుపు చాటున ఆ మాట నేను విన్నాను. అప్పుడైనా పరుగెత్తి వెళ్లి అయ్యవారికి నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. భయపడ్డాను. మా నాయన మదనపల్లె టమోటా మార్కెట్లో బాక్సులు మోసే పనికి పోయాడు. ఓపిక ఉన్నంత కాలం అదే మోశాడు.

తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్నని నన్ను ఇప్పుడు పుంగనూరులోనూ, కుప్పంలోనూ, మదనపల్లె దగ్గర అంగళ్లు కాలేజీలోనూ కవితల సభలకు పిలుస్తుంటారు. విని రెండు మాటలు చెప్పమంటారు. కవిత ఎంత బాగుంటే నాకు అంత గుబులు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను వెనక వరసల్లోకి చూస్తాను, ఆ కవితలోని మనిషి అక్కడెక్కడైనా తల వంచుకుని కూర్చున్నాడేమోనని. పెద్దావిడ మెచ్చుకోవడంలో పిసినారి అని వెనక అనుకుంటారని తెలుసు.

పోయిన నెల కుప్పంలో ఒక అమ్మాయి అయ్యవారి పుస్తకంలోంచి ఆ కవితే తీసి చదివింది. బాగా చదివింది. జనం కళ్లు తుడుచుకున్నారు. మీకేమనిపించిందమ్మా అని నాకు మైకు ఇచ్చారు. బాగుందని చెప్పి కూర్చున్నాను. మా నాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి అచ్చులో మిగిలింది ఆ ఒక్క కవితే. దాని చివరి మాట నేను చెప్పిన అబద్ధం.