ముక్కు మేస్త్రీ

మా బావని వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ముక్కు మేస్త్రీ షెడ్డు ఎక్కడంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ముక్కు పెద్దదై కాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పాత కారు ఏదొచ్చినా, ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ బయటికి లాగి, ఆ ఆయిల్ బొటనవేలికి కాస్త రాసుకుని వాసన చూస్తాడు. బండి బతుకుతుందో, విప్పాలో అక్కడికక్కడే చెప్పేస్తాడు. కంప్యూటర్ తగిలించి కూడా తేల్చుకోలేని షెడ్లవాళ్ళు బళ్ళని ఆయన దగ్గరికి పంపేవాళ్ళు.

ఇందులో మాయేమీ లేదు. గేర్‌బాక్స్ ఆయిల్ కొత్తలో ఎర్రగా ఉంటుంది, ఏళ్ళు గడిస్తే ఎలాగూ నల్లబడుతుంది. ఆ నలుపు వయసుదా, లోపల క్లచ్ ప్లేట్లు కాలి వచ్చిందా అన్నది కంటికి సరిగ్గా తెలియదు. వయసుదైతే ఆయిల్ మారిస్తే చాలు, బండి ఇంకా చాలాకాలం తిరుగుతుంది. కాలిందైతే మాత్రం మార్చకూడదంటాడు బావ. అరిగిపోయిన ప్లేట్లు ఆ మడ్డి పట్టుతోనే నెట్టుకొస్తుంటాయి. కొత్త ఆయిల్ పోశామా, జారిపోతాయి. తనంతట తానే షెడ్డులోకి వచ్చిన బండిని తాడు కట్టి బయటికి లాగాల్సిందే. ఆ తేడా చెప్పేది ఆయన ముక్కు. ఆ ముక్కు మీదే మా ఇల్లు నడిచేది.

ఈ పని ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆటోమేటిక్ బండి అనగానే మెకానిక్కులు దణ్ణం పెట్టి తప్పుకునే రోజుల్లో, తుక్కులో దొరికిన గేర్‌బాక్స్ ఒకటి తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. విప్పడం, బిగించడం, సామాను మిగిలిపోతే తిట్టుకుంటూ మళ్ళీ విప్పడం. పెళ్ళయిన కొత్తలో అక్క ఆ మంచం మీదే పడుకునేది. "మంచం కింద ఆయనకి ఇంకో పెళ్ళాం ఉందమ్మా, దాన్ని చూసినట్టు నన్ను చూడడు," అని మా అమ్మతో మొర పెట్టుకుందట.

చదువు మధ్యలో వదిలేసిన నన్ను ఇంట్లో పెట్టుకుని పని నేర్పింది కూడా ఆయనే. ఆ కృతజ్ఞత నాకు గొంతులో ముల్లులా ఉండేది. షెడ్డంటే నాకు గిట్టదు. గోళ్ళలో నలుపు ఏ సబ్బుకీ పోదు. బోల్టు బిగిస్తున్నంతసేపూ మనసు ఇంకెక్కడో ఉండేది. దూరంగా ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పని ఉందని తెలిశాక కాళ్ళు అసలు నిలవలేదు.

చలికాలంలో బావ జ్వరంతో చాలా రోజులు మంచం దిగలేదు. లేచి వచ్చాక ఒక కొత్త అలవాటు చేశాడు. డిప్‌స్టిక్ ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి నన్ను లాగమనేవాడు. "ముందు నువ్వు చూడరా. నేర్చుకోవాలి." నేను వాసన చూసి ఇచ్చేవాణ్ణి. తర్వాత తను చూసి తీర్పు చెప్పేవాడు. నీకేమనిపించిందిరా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. నేర్చుకోమనడం దేనికి, అడగకపోవడం దేనికి? నాకు ఒళ్ళు మండేది.

చివరికి ఒకరోజు పొద్దున్న, నెలాఖరుకి వెళ్ళిపోతున్నానని చెప్పేశాను. అక్క గరిట పట్టుకునే బయటికొచ్చి అరిచింది. బావ చెప్పులేసుకుంటూ, "వెళ్ళనీవే. కాళ్ళు కట్టేసి కూర్చోబెడతామా?" అన్నాడు. అంతే. వద్దంటాడని, పోట్లాడి మరీ వెళ్ళాలని రాత్రంతా మాటలు కూడబెట్టుకున్నాను. అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇక ఆ రోజంతా ఆయనకి నా ముఖంలో కోపం కూడా కనబడకూడదని పట్టుబట్టి షెడ్డుకి వెళ్ళాను.

డ్రైవింగ్ మేడమ్ వచ్చింది. ఎడమకాలు సరిగా లేనివాళ్ళకీ, క్లచ్ తొక్కాలంటే వణికిపోయేవాళ్ళకీ కారు నేర్పుతుంది. ఆమె స్కూలంతా కలిపి ఆ ఒక్క ముసలి ఆటోమేటిక్ కారే.

"అన్నా, రివర్స్ వేస్తే బద్ధకిస్తోంది. దీనికేమైనా అయితే నేను ఇంట్లో కూర్చోవడమే."

బావ నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. రివర్స్ వేస్తే కారు కాసేపు ఆలోచించుకుని కదిలింది. రోడ్డెక్కాక, రెండో గేరు నుంచి మూడుకి మారేచోట ఇంజిన్ గొంతు చించుకుంది గానీ బండి అందుకోలేదు.

"మా బావమరిదిలాగే ఉంది మేడమ్," అన్నాడు బావ. "అరుపులెక్కువ, అడుగులు తక్కువ."

వెనక సీట్లో ఆమె నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

షెడ్డుకొచ్చాక ఇంజిన్ ఆపకుండానే డిప్‌స్టిక్ లాగాను. ఆయిల్ నల్లగా ఉంది. మాడిన జుట్టూ రబ్బరూ కలిసిన వాసన ముక్కుపుటాల్లో గుచ్చుకుంది. ఇంకోరోజైతే మొహం చిట్లించి పక్కకి తిరిగేవాణ్ణి. ఆ రోజు రెప్ప కూడా వెయ్యకుండా అందించాను. బావ వేలికి రాసుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పర్లేదు మేడమ్, వయసు నలుపే. ఆయిలూ ఫిల్టరూ మార్చేస్తాను. రేపు క్లాసులు పెట్టుకోండి."

ఆమె పెద్ద ఊపిరి వదిలి, బల్ల మీద కూర్చుని తన దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఫోన్లు చేయడం మొదలెట్టింది. బావ కారెత్తించి కిందికి దూరాడు. నాకు అంతా అయోమయంగా ఉంది. బావ తప్పు చెప్పడు. నా ముక్కుకే తెగులు పట్టిందేమో. డిప్‌స్టిక్ తుడిచిన గుడ్డ ఇంకోసారి వాసన చూశాను. అదే కంపు. ఇందాక తను వాసన చూస్తున్నప్పుడు బావ వేలివైపు చూడలేదు, నా వైపు చూశాడు. ప్రతిసారీ అంతే. మొన్న పాలు పొంగి మాడి ఇల్లంతా కమురు కొడుతుంటే, పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడు. అక్క వచ్చి తిడితే, చూసుకోలేదే అన్నాడు.

గుడ్డ విసిరేసి కారు దగ్గరికి పరిగెత్తాను. "బావా, ఆగు!"

"ఏంట్రా?"

నేనూ కిందికి దూరాను. "కాలిపోయింది బావా. కంపు కొడుతోంది."

స్పానర్ ఆగింది. "నీ మొహంలో ఏమీ కనబడలేదే?"

"అంటే ఇన్నాళ్ళూ నా మొహం చూసి చెబుతున్నావా?"

వదులైన బోల్టు అంచున నల్లటి చుక్క ఒకటి ఊరి ఆయన చెంప మీద పడింది. తుడుచుకోలేదు. "జ్వరం తర్వాత ఏదీ తెలియట్లేదురా. నాకు అన్నమూ అంతే, పెట్రోలూ అంతే."

"నన్ను అడిగితే ఏం పోయింది?"

"అడిగాక నువ్వు నన్ను వదిలి వెళ్ళగలవా?"

జాలి పడాల్సింది. నాకు కోపమే వచ్చింది. నన్ను అడగకుండా నా మొహం వాడుకున్నాడు, మళ్ళీ అదంతా నా మంచికే అంటున్నాడు. స్పానర్ లాక్కుని బోల్టు నేనే బిగించాను.

ఆయన లేచి నేరుగా మేడమ్ దగ్గరికెళ్ళాడు. "ఇందాక తప్పు చెప్పానమ్మా. ప్లేట్లు కాలాయి. గేర్‌బాక్స్ విప్పాలి, వారం పైనే పడుతుంది."

"అదేంటన్నా? వాసన చూసేగా చెప్పారు?"

"చూసినట్టు నటించాను. నాకు వాసన తెలియట్లేదు. జ్వరంలో పోయింది."

పక్కనే పంక్చర్లు వేసేవాడు ట్యూబు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మేడమ్ మొహం ఎర్రబడింది. "అందర్నీ రేపు రమ్మని ఇప్పుడేగా చెప్పాను! మీ ముక్కుని నమ్మి వచ్చాను నేను." కారు దింపించి, తాళాలు తీసుకుని నడుపుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రానికి వీధంతా పాకింది. "ముక్కు మేస్త్రీ, ఇక నిన్నేమని పిలవాలి?" అన్నాడు పంక్చర్లవాడు.

"మా ఆవిడ పిలిచినట్టు పిలు. అప్పుడూ పలకను."

ఆ తర్వాత ఎవరొచ్చినా ముందు అదే చెప్పేవాడు. ముక్కు పోయింది, అడుగున ట్రే విప్పి మడ్డి చూస్తేగాని చెప్పలేను, సగం రోజు పడుతుంది, ఆగుతారా? చాలామంది బానెట్ మూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నేను ఉన్నాను కదా, నేను చూసి చెబుతాను కదా అని నోటిదాకా వచ్చేది. అనేవాణ్ణి కాదు. ఆయన నా వైపు చూసేవాడే కాదు.

నేను బస్సెక్కాల్సిన రోజు మేడమ్ కారు మళ్ళీ వచ్చింది.

"ఇంకో షెడ్లో ఆయిల్ మార్చేస్తే చాలన్నారు," అంది. "ప్లేట్లు కాలితే మార్చకూడదట కదా అంటే నవ్వారు. ఏదో ఒకటి చెప్పి పంపేసేవాళ్ళే అందరూ. తెలియదని చెప్పింది మీరొక్కరే. విప్పండన్నా."

బావ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. సంచి గుమ్మంలో పెట్టేసి నేను లైటు పట్టుకున్నాను. గేర్‌బాక్స్ కిందికి దిగింది, లోపల ప్లేట్లుండే డ్రమ్ము బయటికొచ్చింది.

"నువ్వింక బయల్దేరు. బస్సు వెళ్ళిపోతుంది."

"ప్లేట్లు చూసి వెళ్తాను."

"చూసేదేముంది? కాలినవే."

"చూడకుండా నీకెలా తెలుసు?"

"నువ్వు చెప్పావుగా," అన్నాడు తలెత్తకుండా.

లైటు ఒక డబ్బా మీద నిలబెట్టాను. చేతులైనా కడుక్కోకుండా సంచి అందుకుని బయటపడ్డాను. వీధి చివరిదాకా స్పానర్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్కసారీ ఆగలేదు.