డబ్బా వెనక ఒక్క వరుస

కీమా సాస్ వేసిన రెడీమేడ్ పాస్తా డబ్బా వెనక ఏం రాసి ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలననుకునేదాన్ని. నిజానికి నాకు తెలిసింది ఒక్క వరుసే. కార్బోహైడ్రేట్లు, డబ్బాకి నలభై ఎనిమిది గ్రాములు. దాని పైనా కిందా శక్తి, ప్రొటీన్, కొవ్వు, సోడియం, ఇంకా ఏవేవో ఉండేవి. అవన్నీ తీరికున్నవాళ్లు చదువుకోవడానికి వేశారులే అని వదిలేశాను.

మా అమ్మాయికి పన్నెండో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్లకి వచ్చేది కాదు, ఇన్సులిన్ లేకపోతే రోజు గడవని రకం. తినబోయేదాంట్లో కార్బోహైడ్రేట్లు ఎంతో లెక్క కట్టి, ముందు సూది వేసి, తర్వాత అన్నం పెట్టాలి. లెక్క కంటే ఎక్కువ తింటే షుగర్ పెరుగుతుంది. సూది వేశాక తక్కువ తింటే పడిపోతుంది, పిల్ల కళ్లు తేలేస్తుంది. ఆసుపత్రిలో ఇదంతా చెప్తుంటే బుద్ధిగా తలూపాను. ఏడుస్తాననుకుని నర్సు నీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. ఏడుపు రాలేదు. ఆ తర్వాత కోపమూ రాలేదు, ఆకలీ వేయలేదు. అచ్యుతాపురంలో ఉద్యోగం, కంపెనీ బస్సు, ఇల్లు, సూది. వేళకి అన్నీ జరిగిపోయేవి, నేనే చేస్తున్నానని అనిపించేది కాదు.

ఇంట్లో వంట అత్తయ్యది. శ్రీకాకుళం వైపు మనిషి, మనవరాలిని ‘గుంట’ అంటుంది, ఉప్పైనా పప్పైనా గుప్పెడే కొలత. దానికి తోడు ఆవిడకో పట్టింపు ఉంది. కంచంలో ఒక్కసారే వడ్డించి ఊరుకోకూడదు, మారు వడ్డించి తీరాలి, నాలుగు మెతుకులైనా సరే. నేను అన్నం తూచి, లెక్క కట్టి, సూది వేసి అటు తిరిగేలోపు ఇంకో గరిటె పడేది. షుగర్ ఎందుకు ఎగబాకుతోందో తెలియక డాక్టరూ నేనూ తలలు పట్టుకున్నాం. చివరికి ఒక ఆదివారం అత్తయ్య గరిటెతో సహా దొరికిపోయింది.

“ఏటే, పరాయోలికైనా ఒక్కసారి ఎట్టీసి ఊరుకోం కదా! గుంటకి ఇంకో గరిటేస్తే ఏటైపోద్ది?”

“ఏటైపోద్దో డాక్టర్ చెప్పేడు కదా అత్తయ్యా” అన్నాను. గొంతు పెంచలేదు. నాలుగు కేకలు వేసి ఉంటే ఆవిడకే కాస్త తేలికగా ఉండేదేమో.

మర్నాడు బస్సు దిగి సూపర్ మార్కెట్‌లో ఈ పాస్తా డబ్బాలు కొన్నాను. మూత సీలు చేసి ఉంది, ఎవరూ గరిటె పెట్టలేరు. లెక్క కంపెనీవాళ్లే అచ్చు వేసిచ్చారు. ఇంతకంటే ఏం కావాలి? “ఇంటి వంటే తూచి పెట్టండమ్మా, అది రోజూ తినే తిండి కాదు, అందులో కొవ్వు చూడండి, సోడియం చూడండి” అని ఆసుపత్రిలో డైటీషియన్ చెప్పింది. అలాగేనండీ అని, వచ్చేటప్పుడు ఇంకో అరడజను తెచ్చాను. మా ఆయనకి పోర్టులో షిఫ్టు డ్యూటీ. ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచి, ఆ దొంతర చూసి, మళ్లీ మూసేశాడు.

రాత్రి భోజనానికి పిల్లకి అదే పెట్టేదాన్ని. అత్తయ్య భోజనాల బల్ల దగ్గరికి రావడం మానేసింది. ఖాళీ డబ్బాలు మాత్రం శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, జీలకర్రా ఆవాలూ పోసుకునేది. పిల్ల డబ్బాలోనే ఫోర్కుతో కెలుకుతూ ఏదో అంటూ ఉండేది. నేను డబ్బాకి తొడిగిన అట్ట తిప్పి నా వరుస చూసుకుంటూ “ఊఁ, తిను తిను” అనేదాన్ని. షుగర్ దారిలో పడింది. సంతోషం కలగాలి కదా, కలగలేదు. పోనీ భయమూ వేయడం లేదు, అదే పదివేలనుకున్నాను.

ఒకరోజు రాత్రి కూడా అలాగే సూది వేసి డబ్బా ముందు పెట్టాను. సగం తిని ఫోర్కు పడేసింది.

“ఇంక నావల్ల కాదమ్మా.”

“ఇంకా ఇరవై నాలుగు గ్రాములుంది” అన్నాను.

“నాకొద్దు.”

పంచదార నీళ్లు కలిపి తెస్తానంటే కక్కేస్తానంది. మూతి బిగించుకుని కూర్చుంది. సూది లోపలికి వెళ్లిపోయింది, వెనక్కి తీయలేను. ఇంకాసేపట్లో చెమటలు పడతాయి, వణుకు మొదలవుతుంది. అన్నీ తెలుసు. తెలిసీ డబ్బా చేత్తో పట్టుకుని గోడకి కొట్టిన మేకులా నిలబడిపోయాను.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నా చేతిలో డబ్బా తీసుకుంది.

“గుడ్డుకి లెక్క నేదన్నావు కదా?”

“లేదు” అన్నాను. గుడ్డులో కార్బోహైడ్రేట్లు లేనట్టే. ఆ మాట ఎప్పుడన్నానో గుర్తు లేదు. తలుపు చాటు నుంచి వింటూనే ఉందన్నమాట.

ఉడకబెట్టిన గుడ్డు చిదిపి, కాస్త మిరియాల పొడి చల్లి, మిగిలిన పాస్తాతో గిన్నెలో కలిపింది. పిల్ల తినే స్టీలు కంచం తెచ్చింది. సగం వడ్డించి, “ఇంద తల్లీ” అంది. పిల్ల వాసన చూసి ఒక ముద్ద పెట్టుకుంది. ఇంకో ముద్ద పెట్టుకుంది. కంచం ఖాళీ కాకముందే అత్తయ్య మళ్లీ గరిటె ఎత్తింది. “మారెట్టించుకో తల్లీ.” గిన్నె ఖాళీ అయింది. పిల్ల కంచం వేలితో తుడిచి నాకేసింది.

“సూడు, డబ్బాలోదే ఎట్టినాను. నా సొంతానికి మెతుకు కలపనేదు. లెక్క తప్పిందేటి?”

“తప్పలేదత్తయ్యా.”

“మరి నువ్వు తిన్నావేటి?”

తర్వాత తింటానని డబ్బా కడగడానికి తీశాను. మూలన సాస్ అంటుకుని ఉంది. ఎందుకో వేలితో తుడిచి నోట్లో పెట్టుకున్నాను. అన్ని డబ్బాలు కొన్నాను, ఒక్కనాడూ రుచి చూడలేదు. నాలుక చురుక్కుమంది.

“ఇదేంటత్తయ్యా, ఇంత ఉప్పు కషాయంలా ఉంది?”

పిల్ల కంచం ముందు నుంచి తలెత్తి నా వైపు చూసింది. అత్తయ్య నా కంచం తీసి బల్ల మీద పెట్టింది.

“గుంట రోజూ అదే సెప్తన్నాది కదే నీకు.”