పాత పెంటియం మీద నీలం ముసుగు

ఇవాళ కొత్త ప్రాసెసర్ బిగిస్తూ, మైపాడు ఇంట్లోంచి తెచ్చుకున్న పాత పెంటియం డబ్బా కూడా విప్పాను. కాలిన దుమ్ము, ఉప్పుగాలి తుప్పు కలిసిన వాసన గుప్పుమంది. మీ ఇళ్లలోనూ కంప్యూటర్‌కి ముసుగు ఉండేది కదా? మాది నీలం రెగ్జిన్. సముద్రపు గాలి సోకకూడదని నాయన నా చేతే కుట్టించాడు. కంప్యూటర్ వాడేటప్పుడు కూడా డబ్బా మీద నుంచి తియ్యనిచ్చేవాడు కాదు.

పావుగంటకోసారి అది ఆగిపోయేది. అన్న ఆటలాడుతుంటే ఆగినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేను కూర్చున్న ఒక్కరోజు ఆగితే మాత్రం నాయన, "నువ్వేందో నొక్కినావు. ఇంక దాని జోలికి పోబాకు" అన్నాడు. ఆ సెలవుల్లో అన్న కంప్యూటర్ క్లాసుకి వెళ్లాడు, నేను కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను.

కొత్త ప్రాసెసర్ వేడెక్కితే తనే వేగం తగ్గించుకుంటుంది. పాతదానికి ఆ తెలివెక్కడిది, ఊపిరాడకపోతే ఆగిపోవడమే. వెనక గాలి రంధ్రాలకి నీలం రెగ్జిన్ కరిగి అంటుకుని ఇంకా ఉంది.

ఫొటో తీసి అన్నకి పంపాను. "ఎప్పటి మాటో గదమ్మా, ఇప్పుడెందుకులే" అన్నాడు.

నిజమే, ఎప్పటి మాటో. అన్న వెళ్లిన ఆ కంప్యూటర్ క్లాసులో చెప్పిన మొదటి పాఠం నేను ముప్పై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను.